బొగ్గు అడ్డా మీద మొలిచిన గడ్డి

ముందే ఒప్పేసుకుంటున్నాను. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం రాదు. ఇది చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు, ఏ దవాఖానలోనూ దీనికి మందు లేదు. మా పెరట్లో కోడి గుడ్డు పెట్టిందన్న కబురు నేను చేవెళ్ల అంగడికి మోసుకెళ్ళేసరికి ఆ గుడ్డు పగిలి, పిల్ల పెరిగి, పుంజై, రెండు పందేలు గెలిచి ఉండేది. యాభై దగ్గర పడ్డాక ఇప్పుడు కొంత తగ్గింది. అందుకని నేను ఎత్తు చెబితే సగం చేసుకోండి. లెక్క చెబితే నాలుగుతో భాగించుకోండి. నా ధైర్యం గురించి చెబితే మీ దయ. మా అవ్వ గురించి చెప్పింది మాత్రం తగ్గించుకోవద్దు. అవ్వ అంటే మా వైపు తల్లి. ఆమెను పెంచి చెప్పాలని నేను చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోయాను.

యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరిగింది. పెట్రోలు మాత్రం మా దగ్గర అయిపోయింది. పట్నం నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు వచ్చే బస్సుల వీపుకు ఒక్కొక్క ఇనుప పీపా కట్టారు. అందులో కట్టెబొగ్గు పోసి, కింద నిప్పు పెట్టి, పక్కనున్న పిడి పట్టుకుని పంఖా తిప్పితే ఒక రకం పొగ పుట్టేది. ఆ పొగ బలంతో బస్సు నడిచేది. నడిచేది అంటున్నాను, పరుగెత్తేది అనడం లేదు. ఎత్తు వస్తే జనం దిగేవారు. ఇంకాస్త ఎత్తు వస్తే దిగినవారు నెట్టేవారు. మొయినాబాద్‌లో బస్సెక్కిన పెళ్ళికొడుకు చేవెళ్లలో దిగేసరికి మీసం నెరిసిపోయి, పిల్లనిచ్చినవాళ్ళు గుర్తుపట్టక వెనక్కి పంపారు. అతను ఆ బస్సులోనే వెనక్కి వెళ్ళాడు, ఇంకా చేరాడో లేదో నాకు తెలియదు.

ఇంత కష్టపడే బస్సుకు దారి మధ్యలో మళ్ళీ బొగ్గు కావాలి కదా. అందుకోసం మొయినాబాద్‌కూ చేవెళ్లకూ నడుమ, రోడ్డును ఆనుకుని ఉన్న ఒక చెలకను పై వాళ్ళు ఎంచుకున్నారు. ఆ రెండెకరాల ఎర్రచెలక మా అవ్వది. మా బాపు పోయాక మాకు మిగిలిన నేల అదొక్కటే. దాని అంచున మా ఇల్లు, ఇంటి ముందు రెండు ఎడ్లు, ఎడ్ల వెనక నేను. ఆస్తి వివరం అంతే.

చెలక నడుమ రాళ్ళతో ఒక గద్దె కట్టారు. గద్దె మీద నిలబడితే బస్సు పీపా నోరు నడుము దగ్గరికి రావాలి, అంత ఎత్తు. నేను మామూలుగా దీన్ని చార్మినారుతో పోలుస్తాను. అనంతగిరి వైపు అడవుల నుంచి బండ్ల మీద వచ్చిన బొగ్గు గద్దె పక్కన కుప్ప పడేది. ఎనిమిది మంది ఆడవాళ్ళు కుప్ప దగ్గరి నుంచి గద్దె మీదికి మెట్టుకొకరుగా నిలబడి గంపను చేతులు మార్చేవారు. గంప నేలను తాకకూడదు. తాకితే ఆ గంప పెట్టిన మనిషిని మిగతా ఏడుగురు సాయంత్రం దాకా మాటలతో పొడిచి చంపేవారు. అందరికన్నా పైన మా అవ్వ. గంప పీపాలో ఒంపి, ఖాళీ గంపను వెనక్కి చూడకుండా విసిరేది. అది కిందనున్న మనిషి చేతిలో సరిగ్గా పడేది. ఇందులో ఒక్క ముక్క కూడా పెంచలేదు. నా పని పంఖా తిప్పడం. అరగంట తిప్పితే బస్సు ఒకసారి దగ్గేది. ఆ దగ్గు కోసం నేను చెమటతో చెరువులు నింపాను.

ఆదివారం ఆ ఎనిమిది మందీ తెల్లచీరలు కట్టుకుని గుడికి, అదే మా చర్చికి, వచ్చేవారు. కుంకుడుకాయలతో తోలు ఊడేదాకా రుద్దుకున్నా పాపిట్లో నలుపు పోయేది కాదు. ప్రార్థనకు అందరూ తలలు వంచితే వెనక నిలబడ్డ నాకు ఎనిమిది నల్లగీతలు కనిపించేవి. అయ్యగారు ఆత్మ తెల్లబడటం గురించి చెబుతున్నప్పుడు నేను ఆ గీతల వైపు చూసి నవ్వి తన్నులు తిన్నాను.

నేల తీసుకునేటప్పుడు అవ్వకు ఒక ఉర్దూ కాగితం ఇచ్చారు. నేను నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదివిన పండితుణ్ణి కనుక చదివి చెప్పాను. బొగ్గు ఎక్కించినన్నాళ్ళూ జాగా సర్కారుది, అడ్డా బంద్ అయిన నాడు జాగా ఆసామిది. అవ్వ ఆ కాగితాన్ని గుడికి తీసుకెళ్ళే సంచిలో పెట్టి, వారం వారం దేవుడికి చూపించి తెచ్చుకునేది.

యుద్ధం అయిపోయింది. పెట్రోలు తిరిగొచ్చింది. బస్సుల వీపు మీద పీపాలు ఊడదీశారు. మా అడ్డాలో గంప కదలలేదు. కానీ బంద్ అయిందని పై నుంచి ఒక దొర వచ్చి, కళ్ళారా చూసి, రాసి, దస్కత్ పెడితే తప్ప బంద్ అయినట్టు కాదట. అర్జీ పెట్టాం. ఒక మిరుగం, అంటే విత్తనాలు వేసే మృగశిర కార్తె, మా కళ్ళ ముందే వచ్చి, కురిసి, పోయింది. ఊరంతా విత్తనాలు వేసింది. మేం వాకిట్లో కూర్చుని చూశాం. ఆ ఏడాది మా అవ్వ ఊళ్ళో కూలికి వెళ్ళి ఎడ్లకు గడ్డి తెచ్చింది. రెండో మిరుగం కూడా అట్లాగే పోతే ఎడ్లను అంగట్లో నిలబెట్టక తప్పదు. ఎడ్లు పోయాక చెలక వచ్చినా మేం దానితో చేసేదేమీ లేదు.

అడ్డాలో మాత్రం పంట బ్రహ్మాండంగా ఉంది. గడ్డి పంట. గద్దె రాళ్ళ సందుల్లోంచి, బస్సు వచ్చే దారిలోంచి, పాత బొగ్గు కుప్ప మీద నుంచి గడ్డి లేచింది. ఏనుగు దూరితే మావటి వెతుక్కోవాలి. తంగేడు పొదలు సరే సరి.

మిరుగం ఇంకో వారంలో పడుతుందనగా కబురు వచ్చింది, సోమవారం తనిఖీ దొర వస్తున్నాడని. అప్పటికి మా అవ్వ మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊళ్ళో తన చెల్లెలి బిడ్డ కాన్పుకు వెళ్ళి ఉంది. సోమవారం పొద్దున్నే నడిచి వచ్చేస్తానని మనిషితో చెప్పి పంపింది.

ఇక్కడ మా ఊళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. పెద్ద దొర ఎవరైనా వస్తున్నాడంటే ఊడ్చి, నీళ్ళు చల్లి, రాళ్ళకు సున్నం కొట్టి, తోరణం కట్టాల్సిందే. ఆయన దేనికి వస్తున్నాడు, మనకు మేలు చేయడానికా, కీడు చేయడానికా అని ఎవరూ అడగరు. చేతులు వాటంతట అవే చీపురు అందుకుంటాయి. ఆదివారం ఊరంతా గుడిలో ఉన్న సమయంలో పటేలు పంపిన మనుషులు ముగ్గురు వచ్చి అడ్డాలోని గడ్డినంతా కొడవళ్ళతో కోసి పారేశారు. తంగేడు పొదలు వేళ్ళతో సహా పెకిలించారు. గద్దె అంచులకు సున్నం కొట్టారు. మూలన పడున్న ఆరు పాత గంపలను దులిపి వరసగా పేర్చారు. నిప్పు ఆర్పడానికి ఉంచే నీళ్ళ పీపాను అంచుదాకా నింపారు. ఆ ముగ్గురూ ముప్పై మంది పని చేశారు. సాయంత్రానికి మా అడ్డా పెళ్ళికూతురిలా ఉంది. బస్సు ఎప్పుడు వస్తుందా, బొగ్గు ఎప్పుడు పోద్దామా అని ఎదురుచూస్తున్నట్టు ఉంది.

సోమవారం పొద్దున అవ్వ వచ్చింది. నెత్తి మీద మూట దించకుండానే రోడ్డు మీద ఆగిపోయింది.

"గడ్డేదిరా?"

"కోసిండ్రవ్వా."

"ఎవడు కోసిండు?"

"పటేల్ మనుషులు. ముగ్గురొచ్చిండ్రు."

"నువ్వేం జేస్తున్నవ్?"

"వద్దంటినవ్వా. మస్తు చెప్పిన. దొర వస్తుండు, సాఫ్ ఉండాలె అన్నరు."

"గడ్డి ఉంటే కండ్లున్నోడికల్లా బంద్ అని కనపడేది గదరా. మన దిక్కు మాట్లాడెటిది గా గడ్డొక్కటే. దాన్ని గూడ కోసి పడేసిండ్రా?"

అంతలో పట్నం బస్సు వచ్చి ఆగింది. అందులోంచి తనిఖీ దొర దిగాడు. మనిషి పొట్టి. షేర్వానీ పొడుగు. చంకలో ఫైలు, చేతిలో బెత్తం, వెంట మడతకుర్చీ. బొగ్గు అడ్డాను తనిఖీ చేయడానికి పెట్రోలు బస్సులో వచ్చిన ఆయనకు అందులో వింతేమీ కనిపించలేదు. చేవెళ్లకు వెళ్ళి తిరిగి వస్తానని డ్రైవరు చెప్పి వెళ్ళిపోయాడు.

దొర అడ్డా నడుమ కుర్చీ వేసుకున్నాడు. నలుదిక్కులా చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"అరే వాహ్! నేను ఇన్ని జాగలు చూసిన, ఇంత సాఫ్ జాగ చూడలే. ఎవరు చేసిండ్రు ఇది?"

నేను తల వంచుకున్నాను. అవ్వ ముందుకొచ్చింది.

"దొరా, ఇది నడుస్తలేదు. ఏడాదిన్నర ఆయె బంద్ పడి."

"అమ్మా, జర ఆగు. నా కాగితంల ఐదు సవాళ్ళున్నయి. ఐదుకు ఐదు ఉన్నయంటే అడ్డా చాలూ, నడుస్తున్నట్టే. ఒక్కటి లేకున్నా బంద్. నువ్వు చెప్పింది నేను రాయ, నేను అనుకున్నది నేను రాయ. నిన్నటిది రాయ, రేపటిది రాయ. ఇప్పుడు కండ్లకు కనబడింది రాస్త."

సవాల్ అంటే ఉర్దూలో ప్రశ్న. బెత్తంతో గద్దెను తట్టాడు. గద్దె నిలబడి ఉన్నదా? ఉన్నది. రాశాడు. నీళ్ళ పీపాలో వేలు ముంచాడు. నీళ్ళున్నాయా? ఉన్నాయి. గంపలు? ఉన్నాయి, పైగా వరసలో ఉన్నాయి. జాగా సాఫ్ ఉన్నదా, గడ్డి మొలిచిందా? ఈ సవాలుకు ఆయన రాసిన జవాబు మిగతావాటి కన్నా పెద్ద అక్షరాల్లో ఉంది. ఒక్కొక్క "ఉన్నది" పడుతుంటే మా ఎడ్లు ఒక్కొక్క అడుగు అంగడి వైపు వేస్తున్నట్టు అనిపించింది నాకు.

అవ్వ కొంగు తీసి తల వంచింది.

"ఇటు చూడు దొరా. నా పాపిట చూడు. బొగ్గు మోసిన్నాడు ఇది తాటిచెట్టు మొద్దు లెక్క నల్లగుండె. ఇప్పుడు తెల్లగైంది. కావాలంటే మిగిలినోళ్ళను గూడ పిలుస్త, అందరి నెత్తులు చూడు."

"పాపిట సంగతి కాగితంల అడగలే."

"మరి బస్సునన్న అడుగు."

అడిగే అవకాశం అప్పుడే వచ్చింది. చేవెళ్ల నుంచి బస్సు తిరిగొచ్చి ఆగింది. అవ్వ ఒక గంప అందుకుని ఇంత పాత బొగ్గు వేసుకుని బస్సు వెనక నిలబడింది. డ్రైవరు తల బయటపెట్టాడు. ఒకప్పుడు నేను పంఖా తిప్పుతుంటే నన్ను గాడిదా అని ప్రేమగా పిలిచిన మనిషి.

"అవ్వా, ఏం జేస్తున్నవ్?"

"బొగ్గు తెచ్చిన అన్నా. ఏడ పొయ్యాలె?"

"పీపా ఊడదీసి యుగమాయె. నా జేబుల పోస్తవా ఏంది?"

బస్సంతా నవ్వింది. కిటికీలోంచి ఒక ముసలాయన, "నా చుట్ట అంటుకుంటలేదు, ఒక ముక్క ఇటియ్యి" అని చేయి చాచాడు. అవ్వ నిజంగానే ఒక ముక్క ఇచ్చింది. ఆ తర్వాత దొర వైపు తిరిగింది.

"విన్నవా దొరా?"

"విన్న. కాగితం బస్సు గురించి అడుగుతలేదు, అడ్డా గురించి అడుగుతున్నది. బస్సు తీసుకోకున్నా అడ్డా తయారుగనే ఉన్నది." డ్రైవరుతో, "నువ్వు పో, నేను తరువాతి బస్సుకు వస్త" అన్నాడు. ఐదో సవాలు పైకి చదివాడు. "రోడ్డు నుంచి గద్దె దాకా బండి వచ్చేటందుకు దారి ఉన్నదా?" దారి వైపు చూశాడు. నున్నగా ఊడ్చిన దారి అద్దంలా మెరుస్తోంది. కలం ఎత్తి, దించాడు. "చాయ్ తాగి రాస్త. ఒక్కటే మిగిలింది."

నన్ను చాయ్ తెమ్మన్నాడు. నేను కదిలాను.

"ఆగు" అంది అవ్వ. "ఎడ్లను ఇడువు. నాగలి తే."

నేను ఎడ్ల వైపు నడుస్తూ వెనక్కి తిరిగి చూశాను. దొర ముందా? సర్కారు దారిలోనా? అయినా నాగలి తెచ్చాను. ఎడ్లను కట్టాను. అవ్వ నా చేతుల వైపు చూసింది.

"నీ చేతులకు సున్నం ఉన్నది. నాగలి నువ్వు పట్టొద్దు. పక్కకుండు."

పొద్దున్నుంచీ గద్దెకు ఆనుకుని నిలబడ్డాను, అంటుకుని ఉంటుంది. పక్కకు తప్పుకున్నాను.

మా దగ్గర ఆడవాళ్ళు కలుపు తీస్తారు, కోత కోస్తారు, విత్తనం వేస్తారు, బొగ్గు మోస్తారు, ప్రపంచాన్ని మోస్తారు. నాగలి మాత్రం ముట్టుకోరు. ముట్టుకుంటే వాన పడదని పెద్దలు అనేవారు. మా అవ్వ కొంగు నడుముకు చుట్టి, మేడి పట్టుకుని, ఎడ్లను అదిలించింది. రోడ్డు మీద పోయే బండ్లు ఆగిపోయాయి. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా బండ్లు నిలిచిపోయాయని చెప్పను, నాలుగు ఆగాయి. నాలుగుతో భాగించుకోవద్దు, నాలుగే.

మొన్న పడ్డ చిన్న వానకు పైన తడి ఉంది. కింద బస్సులు తొక్కీ తొక్కీ నేల రాయి అయింది. మొదటి సాలు సగం దాకా కర్రు జారుకుంటూ పోయింది. అవ్వ మేడి మీద తన బరువంతా వేసింది. అప్పుడు దిగింది. పైన వేలెడు నల్లటి బొగ్గుపొడి, దాని కింద నుంచి ఎర్రమట్టి తిరగబడి పైకొచ్చింది. అన్నేళ్ళ తర్వాత మా చెలకను నేను మళ్ళీ చూశాను.

దొర కుర్చీలోంచి లేచాడు.

"ఏయ్ ముసలమ్మా! ఆపు! సర్కారు దారి దున్నుతున్నవ్. జైలుకు పోతవ్!"

"పోత. విత్తనం ఏసినంక పోత."

"నేను చెప్తున్న, ఎడ్లను ఆపు!"

"నువ్వే చెప్పుకో. నా మాటనే ఇంటలేవు అవి."

అంతదాకా మీరు అనకపోయినా దొరా అని పిలిచింది. ఇప్పుడు అదీ పోయింది. మళ్ళీ తిప్పింది. రెండో సాలు, మూడో సాలు. దారికి అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొసకు. తిప్పిన ప్రతిసారీ కుర్చీకి ఇంకొంచెం దగ్గరగా వస్తోంది. ఆరో సాలుకు దొర కుర్చీ చేత్తో పట్టుకున్నాడు. ఎనిమిదో సాలుకు ఆయన నిలబడ్డ చోటు ఒక్కటే దున్నకుండా మిగిలింది. అవ్వ ఎడ్లను అక్కడ ఆపింది. ఊపిరి ఎగబీలుస్తోంది. మోకాళ్ళ దాకా నల్లగా, ఎర్రగా ఉంది.

"ఇప్పుడు చూడు. కండ్లకు కనబడింది రాస్తనంటివి. బండి వచ్చే దారి ఉన్నదా, లేదా?"

దొర దారి వైపు చూశాడు. దారి లేదు. కాగితం వైపు చూశాడు.

"ఇందాక ఉండె" అన్నాడు చివరికి.

"నిన్నటిది రాయనంటివి. ఇందాకటిది రాస్తవా?"

"రేపు చదును చేస్తరు."

"రేపటిది గూడ రాయనంటివి."

రోడ్డు మీద ఆగిన బండ్లవాళ్ళలో ఒకడు గట్టిగా నవ్వాడు. దొర అటు ఉరిమి చూశాడు. తర్వాత, నేను ఇప్పటికీ ఆయన్ని గౌరవించేది ఇందుకే, షేర్వానీ దులుపుకుని, దున్నిన మట్టిలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కుర్చీ కాళ్ళు మట్టిలో దిగి ఆయన ఒక పక్కకు ఒరిగిపోయాడు. అలా ఒరిగే కలం తెరిచాడు.

"దారి ఎవరు దున్నిండ్రని అడిగితే ఏం చెప్పాలె?"

"నేనే దున్నిన. పేరు రాసుకో."

"పేరు గురించి కాగితంల సవాల్ లేదు" అన్నాడు. ఐదో సవాలు ఎదుట "లేదు" అని రాశాడు. దస్కత్ పెట్టాడు. చాయ్ అడగలేదు. అవ్వ ఇవ్వనూ లేదు. తరువాతి బస్సు వచ్చేదాకా ఆయన రోడ్డు మీద, అవ్వ చెలకలో, ఒకరినొకరు చూసుకోకుండా నిలబడ్డారు.

మూడో నాడు మిరుగం పడింది. నాగలి పట్టిన ఆడదాని మీద కోపం పెట్టుకోలేదు వాన. మేం పచ్చజొన్న వేశాం. చెలక తిరిగి ఇచ్చినట్టు పట్నం నుంచి కాగితం వచ్చేసరికి కంకులు పాలు పోసుకుంటున్నాయి. అవ్వ ఆ కాగితం తెచ్చిన మనిషిని చేను గట్టు మీద నిలబెట్టి, "ఆగు, చేతులు ఖాళీ లేవు" అని పిట్టలు కొట్టుకుంటూ ఉండిపోయింది.

ఇక ఒప్పుకోలుతోనే మొదలుపెట్టాను కనుక, ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. పెళ్ళికొడుకు మీసం కాదు, అది పెంచడం కిందికి వస్తుంది. అచ్చంగా లేనిది పుట్టించింది ఒక్కటే. ఆ ఆదివారం పటేలు మనుషులు ఎవరూ రాలేదు. పటేలుకు మా అడ్డా సంగతే పట్టదు. ముగ్గురూ లేరు, ముప్పై మందీ లేరు. గుడికి పోకుండా ఇంట్లో ఉండిపోయి, ఆ గడ్డి కోసింది నేను. సున్నం కొట్టింది నేను. గంపలు వరస పెట్టింది నేను. దొర వచ్చి, ఇంత సాఫ్‌గా ఎవరు చేశారని అడుగుతాడు, నేనని చెబుతాను, ఈ మనిషి పనికొస్తాడని పట్నం తీసుకెళ్ళి బంట్రోతు నౌకరీ, చప్రాసీ బిల్ల ఇస్తాడు, అని నా ఆశ. ఆయన అడిగాడు కూడా. అవ్వ పక్కన ఉంది కనుక నోరు పెగల్లేదు. నా నడుముకు ఒక ఇత్తడి బిల్ల కోసం మా అవ్వ తరపున మాట్లాడే గడ్డిని నేనే కోశాను. గద్దెకు ఆనుకుంటే అరచేతి మొత్తానికి, గోళ్ళ లోపలికి సున్నం ఎక్కదు. అది ఆమెకు తెలుసు. బతికినన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. మరుసటి ఏడు మిరుగానికి మేడి నా చేతిలో పెట్టింది, అంతే.

మిగతాదంతా నిజం. ఆ ఏటి జొన్న కర్ర నా నెత్తి మీద ఇంకో నన్ను నిలబెట్టినంత ఎత్తు పెరిగింది. దాన్ని సగం చేయడానికి నేను ఒప్పుకోను.